సగం సీరియల్ మా వీధిది

మా అమ్మా, పెద్దమ్మా మాట్లాడుకోవడం మానేసి అప్పటికి మూడేళ్ళు. కాలువ నీళ్ళ వంతు దగ్గర వచ్చిన తగాదా. నాన్నా, పెదనాన్నా నెల తిరక్కుండానే కలిసిపోయి ఒకే బండి మీద అద్దంకి వెళ్ళొస్తుంటే, తోడికోడళ్ళు మాత్రం బిగుసుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళ పంతాలు ఇంతేనని మగవాళ్ళు నవ్వేవారు. నాకైతే ఒళ్ళు మండేది. తగాదా తెచ్చింది వాళ్ళు, మోసేది వీళ్ళు.

అయినా కల్లంలో మిరపకాయలు ఎండాక తాలు ఏరడానికి ఒకరి పనికి ఒకరు రావాల్సిందే. మా ఊళ్ళో పద్ధతి అది. పంతం పంతమే, పని పనే. రాశికి అటు చివర పెద్దమ్మ, ఇటు చివర అమ్మ, మధ్యలో నేనూ, రెండు వీధుల ఆడవాళ్ళూ. తెల్లబారిన కాయ పక్కకి, ఎర్రకాయ గోతంలోకి.

తొంభైల చివర్లో ఊరందరిదీ ఒకటే సీరియల్. సరిగ్గా అది వచ్చే వేళకే కరెంటు కోత. మా వీధికో ట్రాన్స్‌ఫార్మరు, పెద్దమ్మ వాళ్ళ వీధికో ట్రాన్స్‌ఫార్మరు. ఒకరోజు మాకు తీసేస్తే మర్నాడు వాళ్ళకు. అందుకని కథ ఏ వీధికీ పూర్తిగా తెలిసేది కాదు. కల్లంలో కూర్చున్నాకే రెండు సగాలూ కలిసేవి.

నాకు అదే పెద్ద వింత. మాకు కరెంటు పోయిన మర్నాడు అమ్మ పొద్దుటి నుంచీ గింజుకునేది. పెద్దమ్మ వైపు చూసేది కాదు. చేతిలో కాయతో చెబుతున్నట్టు, "ఆ పిల్ల పుట్టింటికి పోయిందో, ఆడే పడుందో! మాకేం తెలుసుద్ది?" అనేది.

పెద్దమ్మ కూడా తల ఎత్తకుండా గోతంతో అన్నట్టు, "పోకేం చేసుద్ది? పెట్టె సర్దుకుని పోయింది. ఆ మొగుడు గుమ్మంలో నిలబడి చూశాడేగానీ, ఆగమన్నాడా?" అనేది.

"ఎందుకంటాడు, నోరుంటేగా!" అని అమ్మ అందుకునేది.

అలా పొద్దువాలేదాకా సాగేది. దారిన పోయేవాళ్ళెవరూ వీళ్ళకు మాటల్లేవంటే నమ్మరు. ఒకసారి కథలో అక్కాచెల్లెళ్ళు విడిపోయిన సంగతి చెబుతూ పెద్దమ్మ ఏడ్చేసింది. కారం చేతులు కదా, మోచేత్తో కళ్ళు ఒత్తుకుంది. అమ్మ నా చేత చెంబుతో నీళ్ళు పంపింది. ఆ సీరియల్ అయిపోయేలోపు వీళ్ళు కలిసిపోతారని గట్టిగా ఆశపడ్డాను. సీరియల్ అయిపోయింది, వీళ్ళు కలవలేదు. దాని స్థానంలో ఇంకోటి వచ్చింది. రెండిళ్ళలోనూ దాన్నే చూశారు, కల్లంలో మాటలూ అలాగే నడిచాయి.

తర్వాతి ఏళ్ళలో కేబుల్ వైరు ప్రతి ఇంటికీ పాకింది. ఎక్కడలేని చానెళ్ళూ వచ్చాయి. సాయంత్రం కోత తగ్గింది. ఇక కల్లం హోరెత్తిపోతుందనుకున్నాను. ఒకావిడ అత్త విషం పెట్టిందని మొదలెడితే, ఇంకొకావిడ "మా దాంట్లో అత్త ఎప్పుడో చచ్చిపోయిందిగా!" అనేది. ఎవరి అత్త ఎవరికి విషం పెట్టిందో తేలక, విసుగొచ్చి చెప్పుకోవడమే మానేశారు. కాయలు మాత్రం తొందరగా తెమిలేవి. మగవాళ్ళకి అదే సంతోషం.

అమ్మ మటుకు ఆ రెండో సీరియల్‌నే పట్టుకుని కూర్చుంది. ఒక మధ్యాహ్నం అందరూ నోరు మెదపకుండా ఏరుతుంటే ఉన్నట్టుండి అంది.

"నిన్న సాయంత్రం మాకు కరెంటు పోయింది. ఏం జరిగిందో ఏమో!"

నేను ఉలిక్కిపడ్డాను. కరెంటు పోలేదు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఆ భాగం చివరిదాకా చూశాం. ఈవిడ అబద్ధమెందుకు ఆడుతోందా అని మొహంలోకి చూశాను. కళ్ళు కాయల మీదే ఉన్నాయి, చేతులు మాత్రం కదలడం లేదు. చెవులు రిక్కించుకుని ఉంది. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు.

అటు చివర పెద్దమ్మ తల ఎత్తింది. అన్నేళ్ళలో మొదటిసారి నేరుగా అమ్మనే చూసింది. గొంతులో కోపమేమీ లేదు.

"మేమది చూట్టం మానేశాం. ఇప్పుడు వేరేది చూస్తన్నాం" అంది.

"అట్టాగా" అని అమ్మ మళ్ళీ కాయల్లోకి వంగింది.