గంటన్నర దూరం

సాంబయ్య సూరత్‌కు వచ్చి ఇరవై ఆరేళ్లు. ఊరు ఎంత దూరమని ఎవరడిగినా ఒక రాత్రి అనేవాడు. కిలోమీటర్లు అతనికి తెలియవు. సాయంత్రం వరంగల్‌లో రైలెక్కితే మరునాడు మధ్యాహ్నానికి సూరత్. పెళ్లికి పోయినా చావుకు పోయినా అంతే. సూరత్‌లోని అమ్రోలీలో అతనితో పాటు మగ్గాలు నడిపే వాళ్లందరిదీ అదే కొలత.

మంగళవారం అతని భార్య తిరుమల వాళ్లుండే కోసాడ్ క్వార్టర్ల మెట్ల మీద జారి పడింది. తల వెనుక దెబ్బ. బుధవారం మధ్యాహ్నానికి మెదడు చచ్చిపోయిందని డాక్టర్లు రెండుసార్లు పరీక్షించి తేల్చారు. యంత్రం ఊపిరి పోస్తోంది. రొమ్ము లేస్తూ పడుతూ ఉంది.

ఊరి నుంచి ఫోన్‌లో అత్త నర్సవ్వ ఒక్కటే అడిగింది, బిడ్డను ఊపిరి ఉండగా చూస్తానా అని. చూస్తావు, రమ్మన్నాడు. కూతురు సంధ్యతో ఆ సాయంత్రం రైలుకే టికెట్ తీయించాడు. తండ్రికీ కూతురికీ ఇంకో దారి తోచలేదు. నర్సవ్వ ఒక్కతే బయల్దేరింది.

గురువారం ఉదయం పదింటికి ఆసుపత్రి తరఫున ఒకామె వచ్చి ఎదురుగా కూర్చుంది. అవయవదానం గురించి హిందీలో నెమ్మదిగా చెప్పింది. తిరుమల రక్తపోటు పడిపోతోంది. సాయంత్రానికి గుండె ఎవరికీ పనికిరాకుండా పోవచ్చు. హైదరాబాదులో ఒకామెకు అది సరిపోతుంది. తీసిన నాలుగు గంటల్లోపు అక్కడ అమర్చాలి. విమానాశ్రయానికి అరగంట, విమానంలో గంటన్నర, దిగాక నలభై నిమిషాలు. ఒప్పుకుంటే పన్నెండింటికి థియేటర్‌లోకి తీసుకుంటారు.

సాంబయ్య గంటన్నర అన్న మాట దగ్గరే ఆగిపోయాడు.

"మనకు ఫ్లైట్ యాదికే రాలె పప్పా," అంది సంధ్య.

అత్త దిగేదాకా, నాలుగింటి దాకా ఆగమని అతను ఆసుపత్రి ఆమెను బతిమాలాడు. గుండె అప్పటిదాకా ఆగగలిగితే నేనూ ఆగుతాను అందామె. ఆ మాటలో కోపం లేదు.

నర్సవ్వకు ఫోన్ చేశాడు. రైలు ఆలస్యంగా నడుస్తోంది, అప్పుడే భుసావల్ దాటింది. జరిగిందంతా చెప్పాడు.

"నేనొచ్చేదాంక ఆగరా?"

"ఆగితే గుండె పనికి రాదట అత్తమ్మా."

"హైదరాబాద్‌కు ఎంతసేపట్ల పోతదది?"

"గంటన్నర."

పట్టాల చప్పుడు మీద ఆమె మళ్లీ అడిగింది.

"మరి నన్నెందుకు రైలెక్కించినవ్ సాంబయ్యా?"

మరిచిపోయానని చెప్పడానికి లేదు. మరిచిపోవాలంటే ముందు విమానం తలపులో ఉండాలి. నువ్వు వద్దంటే వద్దనే చెప్తానన్నాడు.

"దాంతోని ఆమె బతుకుతదా?"

"బతుకుతదంటున్నరు."

"ఇయ్యి మరి. నాకు మాత్రం ఊపిరున్న బిడ్డను సూపిస్తనంటివి."

ఆమె ఫోన్ పెట్టేసింది. సాంబయ్య లోపలికి వెళ్లి, తిరుమల రొమ్ము లేచి పడడాన్ని కాసేపు చూశాడు. బయటికి వచ్చి సంతకం చేశాడు.

పన్నెండింటికి మంచం కదిలింది. ఒకటిన్నరకు పోలీసులు రోడ్డు మీద బండ్లన్నీ ఆపారు. ఒక చిన్న పెట్టెతో అంబులెన్సు వెళ్లిపోయింది. విమానం దిగిందని సంధ్యకు ఫోన్ వచ్చేసరికి తండ్రీ కూతురూ రైల్వే ప్లాట్‌ఫాం మీద ఉన్నారు.

రైలు నాలుగు దాటాక వచ్చింది. రాత్రంతా కూర్చునే ఉన్నందుకు నర్సవ్వ కాళ్లు వాచాయి. సాంబయ్య సంచి అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. మనవరాలి భుజం పట్టుకుంది.

"మీ అమ్మనేడ పండవెట్టిన్రే?"

సంధ్య చెప్పింది. ఇద్దరూ మెల్లగా మెట్ల వైపు నడిచారు. సాంబయ్య వాళ్ల వెనకాల, కొంచెం ఎడంగా నడిచాడు.