నీటి వాసన

మా ప్రార్థన సహవాసంలో అందరం అక్కా అని పిలుచుకున్న పెద్దామె పోయిన ఆదివారం, మేం ఆఖరి పాట పాడుతుండగా, కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో తన ఇంట్లో కన్నుమూసింది. భూస్థాపన దగ్గర చాలామంది మాట్లాడారు. శాంతమూర్తి అన్నారు. అందరినీ క్షమించింది అని ఒకాయన ఏడుస్తూ అన్నాడు. ఆయన పేరు రాయను. చదివితే ఆయనకే తెలుస్తుంది.

నేను సెమినరీ గడప తొక్కినవాణ్ణి కాను. వ్యాను నడుపుతూ, సీటు పక్కన బైబిలు పెట్టుకుని వాక్యం నేర్చుకున్నవాణ్ణి. ఒకసారి ప్రసంగంలో, బైబిల్లోని లెబానోను దేవదారు చెట్ల మీద గంటసేపు ఉరిమాను. బయటికొచ్చాక అక్క అడిగింది: "తమ్ముడూ, అంత పెద్ద చెట్టు నువ్వెప్పుడైనా చూశావా?"

"లేదక్కా."

"మరి అన్ని కేకలెందుకు? శనివారం ఖాళీ పెట్టుకో."

ఆ శనివారం తనే డ్రైవ్ చేసి రెడ్‌వుడ్ అడవికి తీసుకెళ్ళింది. ఆ చెట్లలో కొన్ని ప్రభువు పుట్టకముందే మొలిచినవట. మెడ ఎంత వెనక్కి వాల్చినా కొస కనపడలేదు. ఒకదాని మొదలు ఏనాటి మంటకో కాలి గుహలా తొర్రపడింది. ఇద్దరం లోపల నిలబడ్డాం. చుట్టూ బొగ్గు గోడలు, పైన పచ్చటి కొమ్మలు. దేవుడు కనపడిన మండే పొద ముందు చెప్పులెందుకు విప్పాలో నాకు అప్పుడు తెలిసింది. బొగ్గు గోడను వేళ్ళతో తడుముతూ ఉండిపోయాను.

"ఏం, మైకు లేదా?" అని నవ్వింది అక్క. తర్వాత మెల్లగా అంది: "దీనికి చావడం నేర్పటం దేవుడు మర్చిపోయాడు తమ్ముడూ."

"దేవుడు మర్చిపోడక్కా."

"అయితే కావాలనే నేర్పలేదు."

ఆ జాతి చెట్టే ఒకటి ఆమె పెరటి కంచెకు ఆనుకుని, పక్కింటి వైపు ఉండేది. రోజూ ఆమె ప్రార్థన దాని నీడలోనే. ఆ పక్కిల్లు కొన్నది, మా సహవాసంలో ముందు వరసలో ఆమేన్ అనే, భూస్థాపన దగ్గర ఏడ్చిన ఈ పెద్దమనిషే.

"అక్కా, ఇంటి కప్పు మీద సోలార్ పెట్టిస్తున్నా. ఈ చెట్టు షేడ్ పడుతోంది. కొట్టెయ్యడానికి పర్మిట్ కూడా వచ్చేసింది."

"కొమ్మలు కొట్టించుకో నాయనా, చెట్టుని ఉంచు."

"సరే అక్కా, చూస్తాను."

ఆమె ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళాడు. మర్నాడే రంపాలు వచ్చాయి.

నేను బైబిల్లో శత్రువుల్ని శపించే కీర్తనలన్నీ వెతికిపెట్టుకుని అక్క వంటింట్లోకి వెళ్ళాను. "ఈ ఆదివారం ఆయన పేరు పెట్టి చదువుతానక్కా."

ఆమె బియ్యం కడుగుతోంది. "పగ తీర్చడం ఎవరి పని?"

"దేవుడిది."

"మరి ఆయనకు కాస్త సాయం చెయ్యి. ఈ గిన్నె పట్టు."

కడిగిన నీళ్ళు నా చేత కంచె మొదట్లో పోయించింది. "నరికిన చెట్టుకి నీటి వాసన తగిలితే చాలు, మళ్ళీ చిగురిస్తుందని వాక్యంలో ఉందని నువ్వే చెప్పావుగా. చూపిద్దాం వాసన."

అప్పటినుంచి రోజూ పోసింది. మొద్దు చుట్టూ వలయంగా చిగుళ్ళు లేచాయి. తన వైపువి ఆయన కోయిస్తూనే ఉన్నాడు. కానీ వలయంలో సగం కంచె ఇవతల, అక్క పెరట్లో లేచింది. వాటి మీద ఆయనకు హక్కు లేదు.

"మీ వైపువి తీయించేస్తారా అక్కా?" అని ఒకసారి అడిగాడు.

"సరే నాయనా, చూస్తాను," అంది అక్క. కాఫీ కూడా ఇచ్చింది.

భూస్థాపన అయ్యాక అక్క ఇంట్లో భోజనాల దగ్గర, కన్నీళ్ళు తుడుచుకున్న చేత్తోనే పెరట్లోకి చూపిస్తూ, ఆయన ఆమె కూతురితో అన్నాడు: "ఆ మొక్కలు ఇప్పుడైనా తీయించెయ్యమ్మా."

ఇక్కడే పుట్టి పెరిగి, వేరే ఊళ్ళో ఉంటున్న పిల్ల. ఏమీ తెలీదు. "ష్యూర్ అంకుల్, గార్డెనర్‌కి చెప్తాను," అంది.

ఆ పిల్ల వెనకే వంటింట్లోకి వెళ్ళి మొదటినుంచీ అంతా చెప్పాను. వింటూ ఇంకో వాయికి బియ్యం కడుగుతోంది. చెయ్యి ఆగిపోయింది.

"అందుకేనా అంకుల్, అమ్మ ఈ వాటర్ సింక్‌లో పొయ్యనిచ్చేది కాదు?"

గిన్నె తీసుకుని పెరట్లోకి నడిచింది.

అయ్యా, అక్క నిన్ను క్షమించలేదు. నేనూ క్షమించలేదు. దేవుడి సంగతి ఆయనతోనే తేల్చుకో. ఆ సాయంత్రం పొద్దు వాలుతుంటే ఆ పిల్లా నేనూ చూశాం. చిగుళ్ళు కంచె ఎత్తును ఎప్పుడో దాటాయి. అన్నిటికంటే పొడుగుదాని నీడ నీ గోడ మీదుగా పాకి, కప్పు ఎక్కి, మొదటి సోలార్ పలక అంచు మీద చెయ్యి వేసింది.