పిసరంత బట్ట

టైలరు మాస్టారికి వీధిలో ఇంకో పేరుంది, పిసరు మాస్టారని. కోటు కుట్టేవాళ్లెవరైనా కుట్టు లోపల రెండు వేళ్ల బట్ట మడిచి వదులుతారు, రేపు మనిషి ఒళ్లు చేస్తే విప్పి వదులు చేయడానికి. మాస్టారు మాత్రం కుట్టు నిలవడానికి ఎంత కావాలో అంతే ఉంచేవారు. "పిసరు తగ్గితే ఎవరికి తెలుస్తుంది?" అనేవారు. అలా మిగిలిన పీలికలు అతికి దిండు గలీబులు కుట్టి అమ్మేవారు. నలభై ఏళ్లు ఇదే తంతు. కోటు బిగుతైందని వచ్చినవాళ్లకు తిండి తగ్గించమని సలహా ఇచ్చి పంపేవారు. మనిషి మంచివారే, ఆ ఒక్క చేతివాటం తప్ప. దాన్ని కూడా ఆయన పొదుపు అనేవారు.

ఇప్పుడు మోకాళ్లు పట్టేశాయి, చూపు మందగించింది. భార్యకు కిడ్నీలు పాడై ఒళ్లంతా నీరు పట్టింది. రోజు విడిచి రోజు ఆస్పత్రి, మధ్యలో వంటపని, మిషను. ఇద్దరికీ పోట్లాడుకునే ఓపిక కూడా మిగల్లేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ పెట్టెలోంచి, చలికి చీర మీద వేసుకునే తన నీలం కోటు తీసింది. పన్నెండేళ్ల కిందట మాస్టారే కుట్టారు. మర్నాడు చిన్నకూతురు నర్సు పట్టా అందుకుంటుంది. అది కళ్లారా చూడాలని ఆవిడ ఎన్నాళ్లుగానో కాచుకుని ఉంది. తీరా తొడిగితే బొత్తాలు అందలేదు.

"ఇలా తెరుచుకున్న కోటుతో అంతమందిలోకి రాలేనండీ, కోటు లేకపోతే ఈ చలికి ఆగలేను. కాస్త వదులు చేసిపెట్టండి."

"అదెంత పని, గంటలో ఇచ్చేస్తా."

మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని పక్క కుట్టు విప్పారు. వేలు పెట్టి తడిమితే మిగులు బట్టేమీ తగల్లేదు. రెండో పక్క విప్పారు, వీపు విప్పారు. అక్కడా అంతే. కట్టుకున్న పెళ్లాం బట్ట కూడా కోసేశారు. ఎందుకు కోశారో ఆయనకే గుర్తులేదు. అలవాటుపడ్డ చేతికి తన, పర తెలియదు. చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత అంటారు గానీ, ఇక్కడ చేసింది ఒకరు, అనుభవిస్తున్నది ఇంకొకరు. మాస్టారికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"లోపల బట్ట లేదే," అన్నారు చివరికి. "వేరే ముక్క అతుకుతాను."

"అతుకుల కోటుతోనా? వద్దులెండి, అలిసిపోయాను కూడా. మీరు వెళ్లి చూసి రండి."

ఆవిడ మంచం మీద ఒరిగింది. కాసేపటికి, కళ్లు మూసుకునే అంది:

"ఆ రోజు మీరు ఈ కోటు బట్ట కోస్తుంటే పక్కనే ఉన్నాను. ఎంత వదులుతున్నారో చూడనేలేదు. నాకు వదలకుండా ఉంటారా అనుకున్నాను."