చింతపండు గోడౌన్లో రెండో కెమెరా

నేను ఏడో తరగతితో బడి మానేసినవాడిని. రేడియోలు విప్పి నేర్చుకున్నాను, తర్వాత టీవీలు. తొంభైలలో మదనపల్లె మిద్దెల మీద లేచిన డిష్‌లలో చాలావాటిని తిప్పి సరిచేసింది నేనే. రెండువేల సంవత్సరం దాటాక కెమెరాలు మొదలయ్యాయి. కెమెరా చూసినదంతా దాచే రికార్డరు పెట్టెను ఫోను లైనుకు కలిపి, దూరాన ఉన్నవాడికి చూపించవచ్చని ఎక్కడో విన్నాను. డిప్లొమా చదివినవాళ్లు మన ఊళ్ల లైన్ల మీద అది కాదన్నారు. నేను ఇంటర్నెట్ సెంటర్లో కాగితాలు ప్రింటు తీయించుకొని, పక్కన డిక్షనరీ పెట్టుకొని చదివాను. కుప్పంలో రాళ్లు కోసే ఒక ఫ్యాక్టరీలో మొదటిసారి పనిచేసింది. బెంగళూరులో కూర్చున్న యజమాని "కనపడతాండాదప్పా, బ్లేడు తిరిగేది గూడా కనపడతాండాది" అని ఫోనులో అంటే పొంగిపోయాను. అలా పొంగిపోయిన నన్ను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పుంగనూరులో చింతపండు గోడౌన్ కూడా ఆయనదే. పాతికమంది ఆడవాళ్లు వరుసగా కూర్చొని చింతపండు కొట్టి గింజ తీసేవాళ్లు. వాళ్ల పైన ఒక మేస్త్రమ్మ, నలభై దాటిన మనిషి. కుప్పంలో జనరేటరు ఉంది. ఇక్కడ లేదు, కరెంటు రోజుకు నాలుగు మార్లు పోయేది. పోయి వచ్చిన ప్రతిసారీ గోడౌన్ ఇంటర్నెట్ లైనుకు కొత్త నంబరు పడేది. ఆ నంబరు తెలియకపోతే బెంగళూరులో బొమ్మ రాదు. అందుకని ఒక పద్ధతి పెట్టాను. కరెంటు రాగానే మేస్త్రమ్మ ఆఫీసు గదిలో కంప్యూటరు వేసి, తెర మీది నంబరు చూసి యజమానికి ఫోనులో చదవాలి. తమ మీద కాపలా కాసేవాడికి తాళంచెవి తామే అందించాలి. ఇది నా బుర్రలో పుట్టిందే, ఇంకెవరినీ అనడానికి లేదు.

రెండు నెలలకు ఆయన నుంచి ఫోను.

"ఆ యమ్మ నంబరు తప్పు సెప్తాండాది. మధ్యాన్నం పూట మాత్రమే. పోయి సూడు. తప్పు పెట్టెలో ఉండాదో, ఆ యమ్మలో ఉండాదో నాకు సెప్పు. ఆ యమ్మదే అయితే రేపట్నుంచి రావద్దను."

నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. ఏనాడూ నన్ను నువ్వు తప్ప మీరు అనలేదు.

బస్సెక్కి వెళ్లాను. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. మేస్త్రమ్మ కంప్యూటరు వేసింది గానీ ఫోను ముట్టలేదు. కిటికీలోంచి గోడౌన్ వైపు చూస్తూ కూర్చుంది. అక్కడ మూలలో ఒక పడుచు తల్లి, వాళ్లత్త అప్పుడే తెచ్చి ఒడిలో పెట్టిన బిడ్డకు పాలిస్తోంది. సరిగ్గా ఆమె ఎదురుగా, గోడ మీద, నేను బిగించిన రెండో కెమెరా.

"సదువమ్మా," అన్నాను.

"ఉండప్పా. బిడ్డ తాగనీ."

"తప్పు నంబరు ఇచ్చేదీ అందుకేనా?"

"సెప్పకుంటే గడియకొక తూరి ఫోను సేస్తాడు. తప్పుది ఇస్తే అరగంట దాంతో కుస్తీ పడతాడు. నువ్వు నేర్పించిన సదువే గదా."

"ఆ బిడ్డను ఈ గదిలోకి తెచ్చుకొని ఇయ్యరాదా?"

"లేసిపోతే పని ఎగ్గొట్టిందంటాడు. ఆడనే ఇస్తే ఆయప్ప బెంగళూరు ఆఫీసులో టీవీ పెట్టి వచ్చినోళ్లకంతా సూపిస్తాడు. యాల అడగతావు, కట్టినోడివి నువ్వు."

ఆ టీవీని ఆఫీసు గోడకు తగిలించి వచ్చింది కూడా నేనే.

తప్పు పెట్టెలోనే ఉందని అక్కడి నుంచే ఫోనులో ఆయనకు చెప్పాను. అబద్ధమాడినందుకు నాకేమీ బాధ లేదు. కానీ ఆయన వెంటనే, "అయితే ఆ పేరు పద్ధతి పెట్టు" అన్నాడు. నంబరు ఎన్నిసార్లు మారినా ఒకే పేరు కొడితే బొమ్మ వచ్చే ఏర్పాటు అది. కుప్పంలో ఆయన ముందు దాని గురించి గొప్పలు పోయింది నేనే. చేతకాదంటే ఇంకొకణ్ణి పంపుతాడు. వాడు పెట్టెలో ఏ తప్పూ లేదని ఐదు నిమిషాల్లో తేలుస్తాడు, మేస్త్రమ్మను పంపేస్తారు. పెడితే, ఆ బిడ్డ అరగంట పోతుంది.

"పెట్టప్పా," అంది మేస్త్రమ్మ. "నన్ను తీసేస్తే వచ్చేది ఆయప్ప బామ్మర్ది. వాడు ఈడనే కూర్చోని సూస్తాడు."

మర్నాడు పొద్దున వెళ్లి పెట్టేశాను. పనిచేసింది. నా చేత్తో చేసింది చెడిపోవాలని నేను కోరుకున్నది ఆ ఒక్కసారే. మధ్యాహ్నం నిచ్చెన వేసుకొని, రెండో కెమెరాను కాస్త వాకిలి వైపు తిప్పబోయాను. ఇంతలో ఆయన ఫోను. మేస్త్రమ్మ సెల్లు చెవికి పెట్టుకొని నిచ్చెన కింద నిలబడి, ఆయన మాటలు నాకు అందించింది.

"మూల కనపడలేదంటాడప్పా. కుడికి తిప్పమంటాడు."

తిప్పాను.

"ఇంకొంచెం కుడికి."

అదే సమయానికి అత్త బిడ్డను తెచ్చింది. ఏడుపు వినబడుతోంది. ఆ తల్లి ఒకసారి కెమెరా వైపు, ఒకసారి నా వైపు చూసి, కొంగు లాక్కుంది. నేను ఇంకొక మెట్టు ఎక్కి తలను కెమెరాకు అడ్డం పెట్టాను.

"నీ తలకాయ తప్ప ఏమీ కనపడలేదంటాడు. దిగమంటాడు."

"స్క్రూ బిగుసుకొని ఉండాదని సెప్పు."

"స్క్రూ బిగుసుకుందంట సార్," అంది ఆమె, నవ్వు లేకుండా.

స్క్రూడ్రైవరును ఉత్తినే తిప్పుతూ నిలబడ్డాను. ఆయన మూడుసార్లు తిట్టాడు, మూడుసార్లూ ఆమె ఒక్క ముక్క తగ్గించకుండా అందించింది. వెనక చింతపండు కొట్టే చప్పుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు. చివరికి, బిడ్డ తాగడం అయ్యాక, మేస్త్రమ్మ తల ఊపింది. దిగాను.

"ఇప్పుడు బాగుండాదంట," అని ఆమె ఫోను పెట్టేసింది.

ఆ తల్లి బిడ్డను భుజాన వేసుకొని నా వైపు చూసింది.

"రేపు గూడా బిగుసుకుంటాదా అప్పా, స్క్రూ?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. నేను రేపు మదనపల్లెలో ఉంటానని ఆమెకు తెలుసు.