బోర్లించని కుండ

మొన్న పొద్దున్నే పక్క వాటాలో ఉండే ఆవిడ చీపురు చేత్తో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. వాళ్ల అబ్బాయి మిలిటరీ ట్రైనింగుకని తెల్లవారుజాము బండికి వెళ్లాడట, ఇల్లు ఇప్పుడు ఊడ్చుకోవచ్చా, సాయంత్రం దాకా ఆగాలా మామ్మా అని అడిగింది. బళ్లో పాఠాలు చెప్పే మనిషి, అయినా ఈ సంగతి అడగడానికి నా దగ్గరికే రావలసి వచ్చింది. ఓ పూట ఆగు తల్లీ అని చెప్పి పంపాను గాని, ఆ రోజంతా ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయాను. నా ఈడువాళ్లయితే ఎందుకో అర్థం చేసుకుంటారు, కుర్రవాళ్లు ముసలమ్మ చాదస్తం అంటారు.

మాది బరంపురానికి దక్షిణాన, సముద్రపొడ్డున ఉన్న సోనేపూర్. మా తాతల కాలమంతా మద్రాసు కింద ఉన్న ఊరు, నాకు పాలపళ్లు ఊడే వయసులో కొత్తగా పుట్టిన ఒరిస్సాలో కలిసింది. మా ఇళ్లలో మాటా మారలేదు, పులుసూ మారలేదు, మేనమామల ఊళ్లు మాత్రం సరిహద్దు గీతకు అవతల ఉండిపోయాయి. ఆ తర్వాత కొన్నాళ్లకే యుద్ధం వచ్చి బియ్యం దొరకడం గగనమైపోయింది. అప్పటికింకా సరిగా మీసం కూడా రాని మా అన్న ఎండుచేపల కావిడితో బరంపురం వెళ్లి, ఖాళీ కావిడితో తిరిగొచ్చి, పటాలంలో పేరిచ్చేశానని చెప్పాడు. మర్నాడే వెళ్లిపోయాడు. ముందు చాలా నెలలు తర్ఫీదు ఇస్తారనీ, ఆ తర్వాతే యుద్ధానికి పంపుతారనీ అన్నారు. ఉత్తరం రాసేంత చదువు వాడికి లేదు, వచ్చినా చదివిపెట్టే మనిషి మా పేటలో లేడు.

మా ఇంట్లో ఒక నియమం ఉండేది. తెప్ప నీళ్లలోకి దిగిందంటే ఒడ్డుకు చేరేదాకా ఆడవాళ్లు తల దువ్వుకోకూడదు, కడిగిన కుండ బోర్లించకూడదు. కుండ బోర్లిస్తే అక్కడ తెప్ప బోర్లపడుతుందని భయం. పూటో, రోజో అయితే ఎవరైనా ఓర్చుకుంటారు. అన్న వెళ్లిన రోజు నుంచి మా అమ్మ ఈ నియమం పట్టుకుని కూర్చుంది. తడి ఆరక కుండలు పాచివాసన కొట్టేవి, చీమలు పట్టేవి, అమ్మ జుట్టు జడలు కట్టింది. వాడు సముద్రం మీద లేడు కదా అని ఇరుగుపొరుగు చెప్పి చూశారు. "గడప దాటినోడు తిరిగొచ్చీదాకా సముద్రం మీదున్నట్టే" అనేది, అంతే, ఇక ఎవరి మాటా చెవిన పెట్టేది కాదు.

మా అయ్య దీన్నంతా వెక్కిరించేవాడు గాని, ఆయనకూ కాలు నిలిచేది కాదు. చిరగని వల బాగుచేసేవాడు. గాలాలు కావాలని వంక పెట్టి, అంత దూరం నడిచి బరంపురం బడా బజార్ వెళ్లేవాడు. దారిలో ఖాకీ బట్టలు కనిపిస్తే చాలు ఆపేసేవాడు. ఒకసారి అడవి కాపలా జవానును సిపాయి అనుకుని, తనకు వచ్చిన ఒడియాలో, మా గుంటడికి అక్కడ ఏం పెడుతున్నారని అడిగాడట. ఆ మహానుభావుడు రొట్టెలని చెప్పి పోయాడు. రొట్టెలు తింటే అన్నం తిన్నట్టవుతుందా అని అమ్మ ఆ పూట గంజి కూడా ముట్టలేదు. మరొకసారి దుకాణదారుణ్ణి, మావాడిది మద్రాసోళ్ల పటాలమా, ఒరిస్సావాళ్లదా అని అడిగితే, రెండూ కాదు, సర్కారుదని ఆయన నవ్వాడట.

ఒక సాయంత్రం, వల ఖాళీగా వచ్చిన రోజు, అయ్యకు ఎక్కడలేని కోపం వచ్చింది. అన్నం కుండ తీసి ధడాలున నేల మీద బోర్లించాడు. "ఆడు నేల మీదున్నాడే పిచ్చిదానా" అని అరిచి బయటికి పోయాడు. అమ్మ ఆ కుండను ముట్టుకోలేదు, గోడకు ఆనుకుని కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు అయ్య తిరిగొచ్చి, మా ఎవరి ముఖమూ చూడకుండా, కుండను తన చేత్తోనే సరిగ్గా నిలబెట్టాడు. ఆ రోజు నుంచి అమ్మ భయం అయ్యనూ పట్టుకుంది.

బజారులో ఎవరో, అక్కడ పిల్లల చేత బరువులు మోయించి ఎండలో పరుగెత్తిస్తారనీ, తట్టుకోలేనివాళ్లు పడిపోతారనీ చెప్పారు. ఆ మాట విని వచ్చిన సాయంత్రం, ఒడ్డున జనం పల్చబడ్డాక, అయ్య తడి వల భుజాన వేసుకుని ఇసుకలో పరుగెత్తడం చూశాను. వాడెంత ఓర్చుకోగలడో తన ఒంటితోనే తెలుసుకుందామనుకున్నాడు కాబోలు. పడ్డాడు, లేచాడు, మళ్లీ పరుగెత్తాడు, ఈసారి పడి లేవలేకపోయాడు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఎప్పుడు వచ్చిందో, ఏమీ అడగకుండా వల ఒక కొస తన భుజాన వేసుకుని, రెండో కొస ఆయనకు అందించింది. ఇద్దరూ నెమ్మదిగా ఇంటికి నడిచారు.

ఆ తర్వాత సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ ఒడ్డుకు చేరేవారు. మా వాళ్లకు మనిషి తిరిగి రావడమంటే సముద్రం మీంచి రావడమే, అందుకని అటే చూస్తూ నిలబడేవారు. అన్న రైలు దిగి, బరంపురం నుంచి నడిచి, వాళ్ల వెనకనుంచి వచ్చాడు. బూట్లు, ఖాకీ నిక్కరు, నున్నగా కత్తిరించిన తల, ఒళ్లు గట్టిపడి ముఖమే మారిపోయింది. అమ్మ వెనక్కి తిరిగి చూసి, గబగబా పైట నెత్తిన కప్పుకుని పక్కకు తప్పుకుంది. అయ్య చేతులు జోడించి, "ఏటి బాబూ, ఎవులు గావాల?" అని అడిగాడు.

అన్న "అమా, నానే" అన్నాడు. అప్పుడు వాడి మీద పడి వాళ్లు ఏడ్చిన ఏడుపు పేటంతా వినిపించింది. ఆ రాత్రి అమ్మ నూనె రాసుకుని తల దువ్వుకుంది.

సెలవు అయిపోయి వాడు అసలు యుద్ధానికే బయలుదేరినప్పుడు, అమ్మ ఈసారి మరింత కఠినంగా ఉంటుందనుకుని నేను బెంగపడ్డాను. ఆమె ఒక్క నియమం కూడా పట్టలేదు. ఎందుకని అడిగితే, "ఆడు మనోడు కాడే, సర్కారోడు. సర్కారే సూసుకుంటాది" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలో తడి లేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. అన్న క్షేమంగానే తిరిగొచ్చి ఖరగ్‌పూర్‌లో రైల్వే పనిలో కుదిరాడు. ఎప్పుడు ఇంటికి వచ్చినా అమ్మ చాప పరిచి, మంచినీళ్లిచ్చి, తను కాస్త ఎడంగా కూర్చునేది. అది చూసి వాడు నొచ్చుకునేవాడు, వాడు నొచ్చుకున్నాడని ఆమె ఇంకొంచెం మర్యాద చేసేది.

ఇప్పటి తల్లులకు ఆ గతి లేదు. బిడ్డ జుట్టు కత్తిరించుకున్న రోజే ఫోనులో చూసేస్తారు, ఏం తిన్నాడో అడిగి తెలుసుకుంటారు. ఎంత మంచిదో, మా అమ్మకు ఆ భాగ్యం ఎందుకు లేకపోయిందో అని కుళ్లుకుంటాను కూడా. పోయినేడు సోనేపూర్ వెళ్లాను. కుర్రాళ్లంతా కేరళకూ గుజరాత్‌కూ పనులకు పోయి బస్సుల్లో తిరిగొస్తున్నారు, ఎదురుచూసే ఆడవాళ్లంతా రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. సముద్రం వైపు చూస్తూ నిలబడ్డది నేనొక్కదాన్నే. అటునుంచి రావలసినవాళ్లు నాకిప్పుడు ఎవరూ లేరు.