అన్నపూర్ణగారి ఒక్క లైను

మా మనవరాలు కంప్యూటరు మీటలు టకటకా నొక్కుతుంటే నా చేతిలో పని ఆగిపోతుంది. నిన్న అది నల్లని తెర చూపించి, "నడుస్తున్న పనిని ఇలా ఆపి, తెరని ఇంకోదానికి ఇస్తాను బామ్మా. అదయ్యాక మొదటిదాన్ని పిలిస్తే, ఆగిన చోటినుంచే మళ్లీ నడుస్తుంది" అంది. ఓసి పిచ్చిదానా! పందొమ్మిది వందల యాభైలలో ఏలూరు టెలిఫోను ఎక్స్ఛేంజిలో నేను చేసిన ఉద్యోగం అదే కదే అన్నాను.

అప్పట్లో మా బోర్డు మీద తాడేపల్లిగూడేనికి ఉన్నది ఒక్కటే లైను. ఎవరిని ఆపాలో, ఎవరికి ఇవ్వాలో చూసుకునేది మా పెద్ద ఆపరేటరు అన్నపూర్ణగారు. ఎవరినైనా ఆపవలసి వస్తే ముందుగా, "ఏవండీ, డాక్టరుగారికి అవసరంటండీ. రెండు నిమిషాలాగితే మీ లైను మీకే ఇస్తాను" అని చెప్పేవారు. చెప్పి, ఎడమచేతి వదులు గాజు ఒకటి కుడిచేతికి మార్చుకునేవారు. లైను తిరిగి ఇచ్చాకే ఆ గాజు వెనక్కి వెళ్లేది. నన్నూ అలాగే చెయ్యమన్నారు. నేను చాటుగా నవ్వుకున్నాను, బుద్ధి లేక.

నేను చేరి మూడు నెలలైంది, ఉద్యోగం ఇంకా టెంపరరీ. ఒక మధ్యాహ్నం ఆవిడ భోజనానికి లేచారు. ఏలూరు వచ్చిన ఆకివీడు చేపల షావుకారొకాయన, గూడెం స్టేషనులో ఉన్న గుమాస్తాతో బుట్టలు ఏ బండికెక్కించాలో మాట్లాడుతున్నారు. అంతలో ఆస్పత్రి నుంచి డాక్టరుగారు. మండవల్లి మనిషిని పాము కరిచింది, మందు గూడెంలో ఉంది, వెంటనే పంపమని చెప్పాలి. ఆ కంగారులో షావుకారుకి ఒక్క ముక్కయినా చెప్పకుండా తీగ పీకేసి డాక్టరుగారికి లైను ఇచ్చాను. మందు బయల్దేరిందని తెలిసి ఏడుపొచ్చినంత సంతోషం. ఆ సంతోషంలో షావుకారు సంగతే మరిచిపోయాను. ఆయన బుట్టలకి బండి తప్పిపోయింది.

భోజనం చేసి వచ్చి సంగతి విన్న అన్నపూర్ణగారు తిట్టలేదు. "ఆపడం తప్పు కాదమ్మాయ్. చెప్పకపోవడం తప్పు, తిరిగివ్వకపోవడం ఇంకా తప్పు. ఆయన ఫిర్యాదు చేసేలోగా నువ్వే ఫోను చేసి చెప్పు" అన్నారు.

"ఉద్యోగం ఊడుతుందేమోనండీ."

"ఊడితే ఊడనీ. చెప్పు."

మర్నాడు పొద్దున్నే షావుకారుకి ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన ముందుగా, "ఆ మనిషి బతికాడాండీ?" అని అడిగారు.

"బతికాడండీ."

"హమ్మయ్య! ఒక్క ముక్క చెప్పుంటే లైను నేనే వదిలేద్దును కదండీ, అమ్మాయిగారూ."

ఆయన ఫిర్యాదు చెయ్యలేదు, నా ఉద్యోగం నిలిచింది. కానీ ఎంత సిగ్గేసిందో! ఆయన తనంతట తాను ఇవ్వగలిగినదాన్ని నేను లాక్కున్నాను. ఇప్పటికీ ఎవరైనా మాట్లాడుతుండగా నేను లేవవలసి వస్తే, "ఒక్క నిమిషం, వచ్చి వింటాను" అని చెప్పే లేస్తాను. తిరిగొచ్చి కూర్చున్నాక, "ఏదీ, ఎక్కడ ఆపావు?" అని నేనే అడుగుతాను.