ఫ్యూజు పోని జనరేటర్

నా చిన్నప్పుడు తంగళ్ళపల్లిలో మా షెడ్డుకు కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. పోయినప్పుడల్లా సాంచాలు, అంటే మరమగ్గాలు ఆగిపోతున్నాయని మా పెదనాన్న ఒక పాత డీజిల్ జనరేటర్ కొని, గోడ అవతల రేకుల కింద పెట్టించాడు. సాంచాలు నడిపేది ఆయనా, మా నాన్నా. జనరేటర్‌లో నీళ్లు పోయడం, కరెంటు రాగానే దాన్ని ఆపడం అమ్మ పని.

సర్కారు కరెంటు, జనరేటర్ కరెంటు ఎన్నడూ కలవకూడదని ఎవరో చెప్పిన మాటను పెదనాన్న గట్టిగా పట్టుకున్నాడు. మాట సరైనదే. కానీ ఆయన తీగలతో ఆగకుండా ఎర్తును కూడా వేరు చేశాడు. సాంచాల చట్రాలు, జనరేటర్ నుంచి వచ్చే న్యూట్రల్ తీగ పాత ఎర్త్ గుంతకు కలిసి ఉండేవి. జనరేటర్ ఒంటికి మాత్రం విడిగా ఒక ఇనుప కడ్డీ దిగ్గొట్టించాడు. అమ్మ రోజూ పొద్దున పాత గుంతలో నీళ్లు పోసేది. కొత్త కడ్డీ ఎండిన మొరం మట్టిలో అలాగే ఉండేది.

ఎండాకాలం చివర్లో జనరేటర్‌ను ముట్టుకుంటే అమ్మ చెయ్యి జిల్లుమనడం మొదలైంది. మా ఇంట్లో తమ్ముడి భార్య బావతో నేరుగా మాట్లాడే అలవాటు లేదు. ఒకే షెడ్డులో ఉన్నా వాళ్ల మాటలు నా ద్వారానే నడిచేవి.

"పెద్దబాపుకు చెప్పు బిడ్డా, ఇంజన్ షాక్ కొడుతుందని. వానలు పడితె నాకు భయమైతుంది."

"షాక్ కొడితె ఫ్యూజు పోవాలె గద? పోయిందా? చెప్పులేసుకొమ్మను మీ అమ్మను" అన్నాడు పెదనాన్న.

"చెప్పులేసుకునే ముడుతున్న. గందుకే ఇంక బతికున్న."

ఆ మాట అటు చేర్చేలోపే తొలకరి మబ్బు పట్టింది. అమ్మ నన్ను పక్కింటి చాచా దగ్గరికి పంపింది. ఆయన మోటార్లకు వైండింగ్ చేసేవాడు. వస్తూనే దేన్నీ ముట్టుకోలేదు. ఎక్కడ ముడితే జిల్లుమంటుంది, ఎప్పుడెప్పుడు అని ముందు అమ్మనే అడిగాడు.

పెదనాన్న నవ్వాడు. "గింత దానికి నిన్ను పిలిచిన్రా భాయ్? ఫ్యూజు సుత పోలే."

"నువ్వు చెప్పకు, నేను చెప్ప. బుగ్గ చెప్తది సేటూ."

బుగ్గ అంటే మా దగ్గర బల్బు. హోల్డరుకు రెండు పొడుగాటి తీగలున్న బల్బు తెచ్చాడు. జనరేటర్ నడుస్తుండగా ఒక కొసను సాంచా చట్రానికి, రెండో కొసను జనరేటర్ ఒంటికి ఆనించాడు. ఇంట్లో దీపం వెలిగినంత నిండుగా వెలిగింది.

తలుపు వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"బావా, నేను రోజు ముట్టేది గా ఇనుమునే."

నా ఊహ తెలిశాక ఆమె ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. పెదనాన్న నా వైపు తిరగలేదు. "సూస్తున్ననమ్మా" అని ఆమెకే చెప్పాడు.

చాచా ఇంజన్ ఆపించి, జనరేటర్ ఒంటి నుంచి పాత ఎర్త్ గుంత దాకా మందపాటి రాగి పట్టీ కలిపాడు. మళ్లీ స్టార్ట్ చేయగానే ఠప్పున ఫ్యూజు పోయింది.

"ఖరాబ్ జేసినవ్ గద!" అన్నాడు పెదనాన్న.

"ఖరాబ్ ముందే ఉండె. ఇన్నొద్దులు నోరు మూసుకున్నది, గిప్పుడు ఒర్రింది."

వెతికితే దొరికింది. ఫ్యూజు పెట్టె నుంచి బయటికొచ్చే తీగ, ఇంజన్ అదురుకు ఇనుప అంచుకు రాసుకుని తోలు ఊడిపోయి ఉంది. దాన్ని మార్చాక పెదనాన్న తానే బల్బు పట్టి చూశాడు. వెలగలేదు. ఆ తర్వాతే అమ్మను అటు పోనిచ్చాడు. ఆ సాయంత్రమే మొదటి వాన పడింది.

ఎవరూ నేర్పకపోయినా లెక్కలంటే ఇష్టం పెరిగాక, ఆ రోజును కాగితం మీద వేసి చూసుకున్నాను. ఒక్కో ఎర్తుకు ఇరవై ఓముల అడ్డు, అంటే నిరోధం, అనుకుంటే రెండూ కలిసి నలభై. రెండు వందల ముప్పై వోల్టులను నలభైతో భాగిస్తే ఆరు ఆంపియర్లు కూడా రావు. పదిహేను ఆంపియర్ల ఫ్యూజు దానికెందుకు పోతుంది? మనిషి ప్రాణం తీయడానికి అందులో ఇసుమంత చాలు. రాగి పట్టీ కలిస్తే అడ్డు ఒక ఓములో చిన్న వంతు. కరెంటు ఒక్కసారిగా వందలకు ఎగబాకుతుంది, ఫ్యూజు పోక తప్పదు. పెదనాన్న ధైర్యపడ్డది సరిగ్గా భయపడాల్సిన చోట.

మొన్న కోరుట్లలో మా బిడ్డ వాళ్లు ఉండే అపార్ట్‌మెంటుకు కొత్త జనరేటర్ వచ్చింది. కమిటీ వాళ్లు మీటర్లు చూపిస్తుంటే, నేను పక్కకు వెళ్లి, రోజూ దాన్ని తుడిచే ఆమెను అడిగాను, "ముడితె చెయ్యికి ఏమన్న అనిపిస్తుందా అమ్మా?" అని. ఏం లేదంది. అయినా రాగి పట్టీ ఎక్కడ కలిసిందో కళ్లతో చూసుకున్నాకే ఇంటికి వచ్చాను.